అద్దం డ్యూటీ

"విజ్ఞాన శాస్త్రమును వలస పాలకుల కబంధ హస్తముల నుండి రాబోవు దసరా పండుగలోగా విముక్తము చేయవలెను. చేసినట్లు మూడు ప్రతులలో నివేదిక సమర్పించవలెను."

నేను అల్లిన మాటలు కావివి. ఉత్తర్వు! నంబరుంది, తేదీ ఉంది, అడుగున ఎవరూ చదవలేని సంతకం ఉంది. రెండు వందల ఏళ్లుగా తెల్లవాళ్ల చెరలో మగ్గుతున్న శాస్త్రానికి విడుదల తేదీ ఖరారైందని, దేవరకొండ చుట్టుపక్కల వరకు ఆ విడుదల చేయించే పని నా మెడకు చుట్టుకుందని ఆ కాగితం సారాంశం. నేనెవరినంటారా? ఫిజిక్స్ లెక్చరర్ని. పేరు శ్రీశైలం. ఇంత చారిత్రక బాధ్యతకు నన్నే ఎందుకు ఎంచుకున్నారని మా ఆవిడ కూడా అడిగింది. ఆ మధ్యాహ్నం మిగతా లెక్చరర్లెవరూ ఫోన్ ఎత్తలేదు. నేను ఎత్తాను. అంతే!

సంఘం పేరు 'వలస విజ్ఞాన విమోచన సంఘం'. నేను సభ్య కార్యదర్శిని. సంఘానికి ఆఫీసు గది లేదు, బీరువా లేదు, కుర్చీల సంగతి సరేసరి. ముద్ర మాత్రం మొదటి వారంలోనే తయారై వచ్చింది. గుండ్రటి ముద్ర. మధ్యలో ఉదయించే సూర్యుడు, చుట్టూ సంఘం పేరు, అడుగున 'ప్రభుత్వ ఉత్తర్వుచే ఏర్పడినది' అన్న ముక్క. ఈ ముద్రను జ్ఞాపకం పెట్టుకోండి. మా సంఘంలో చివరిదాకా నిజాయితీగా పనిచేసింది అదొక్కటే.

ఇక మా చైర్మన్ డాక్టర్ అమరేందర్ గారు. పుట్టింది హాలియాలో. ఇంగ్లండులో నాలుగేళ్లు ఉండి, ఇంగ్లీషువాళ్ల స్కాలర్‌షిప్పుతో, ఇంగ్లీషువాళ్లు మన విజ్ఞానాన్ని ఎలా దోచుకున్నారో తేల్చి, ఆ సంగతి ఇంగ్లీషులో రాసి, ఇంగ్లీషువాళ్ల చేతనే శభాష్ అనిపించుకుని డాక్టరేటుతో తిరిగి వచ్చారు. భుజం మీద ఎప్పుడూ నారాయణపేట కండువా ఉంటుంది. మీటరు, కిలోమీటరు అన్న మాటలు ఆయన ముందు అనకూడదు. మూర అనాలి, కోసు అనాలి.

"మీటరు ఇంగ్లీషువాళ్లది కాదు సార్, ఫ్రెంచివాళ్లది" అన్నాను మొదటి సమావేశంలో.

"వాళ్లు మాత్రం నల్లగా ఉంటారా?" అన్నారాయన. ఆ వాదనను ఉన్నదున్నట్టు మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను.

"మన ప్రాంతంలో వలస విజ్ఞానపు గుర్తు ఏదైనా ఉందా శ్రీశైలం గారూ? మనం విముక్తం చేయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!"

ఉంది. ఆ మాట కోసమే నేను వారం రోజులుగా కాచుక్కూర్చున్నాను. "మెరుపుల గుట్ట ఉంది సార్" అన్నాను. శాస్త్రం మీద భక్తితో అన్నానని మీరనుకుంటే పొరపాటు. నా లెక్క వేరే. అది చెప్పాలంటే ముందు నర్సింగమ్మ సంగతి చెప్పాలి.

దేవరకొండకు పడమట, మెరుపుల గుట్ట కింద, నర్సింగమ్మకు రెండెకరాల ఎనిమిది గుంటల చెలక ఉంది. వయసు డెబ్బై. పెనిమిటి పోయి పదేళ్లు. ఆ భూమి వాళ్లకు ఎలా వచ్చిందంటే, పూర్వం కంపెనీ దొరలు ఈ దేశాన్నంతా గుట్ట నుంచి గుట్టకు గీతలు గీసి, త్రికోణాలుగా కోసి కొలిచారు. మనది నిజాం రాజ్యమైనా మన గుట్టలనూ వదల్లేదు. ఒక గుట్ట మీద మనిషి నిలబడి అద్దంతో ఎండను మెరిపిస్తే, అవతలి గుట్ట మీద దొర దుర్బిణిలో ఆ మెరుపును చూసి కోణం రాసుకునేవాడు. మెరుపుల గుట్ట మీద అలా అద్దం పట్టిన మనిషి జంగయ్య. నర్సింగమ్మ పెనిమిటికి తాత తాతకు తాత.

దొర ఇత్తడి చట్రంలో బిగించిన అద్దం జంగయ్య చేతికిచ్చి, "అవతల పాలమూరు దిక్కు గుట్ట మీద నుంచి జవాబు మెరుపు వచ్చేదాకా చూపిస్తూనే ఉండు. నేను చెప్పేదాకా మానకు" అన్నాడట. దొర మాట మీద అప్పటి దేశ్‌ముఖ్ గుట్ట కింద ఈ చెలక ఇచ్చాడు. దొర పాలమూరు వైపు వెళ్లాడు. దారిలో జ్వరం తగిలి పోయాడు. ఆ సంగతి జంగయ్యకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

జంగయ్య ఆ రోజు అద్దం చూపించాడు. మర్నాడు చూపించాడు. ఆ ఏడంతా చూపించాడు. జవాబు రాలేదు. ఆయన తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు. రోజూ కుదరక ఏడాదికి ఒకనాటికి కుదించుకున్నారు కానీ, డ్యూటీ మాత్రం మానలేదు. ఏటా దసరా మర్నాడు ఆ ఇంటి మనిషి ఒకరు ఒక్క పొద్దు ఉండి గుట్టెక్కుతారు. సూర్యుడు పడమటికి తిరిగాక అద్దం పాలమూరు వైపు పట్టి, పొద్దు గుంకేదాకా మెరిపిస్తారు. కిందికి దిగి, "ఈయేడు గూడ రాలే" అని చెప్పి అన్నం తింటారు. నిజాం పోయాడు, ఇంగ్లీషువాడు పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. దొర దగ్గర నుంచి ఆర్డర్ మాత్రం రాలేదు!

"ఎందుకవ్వా ఇదంతా? ఆ దొర ఎప్పుడో పోయాడు కదా!" అని ఒకసారి అడిగాను.

"భూమి తింటున్నం గద సారూ. తిన్నంక డ్యూటీ జేయొద్దా?" అంది నర్సింగమ్మ. నాకు నెలనెలా జీతమొస్తుంది. ఆ ప్రశ్న నాకు సూటిగా తగిలింది.

సరే, అసలు కష్టం ఇప్పుడొచ్చింది. భూముల లెక్కలన్నీ కొత్తగా కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు నర్సింగమ్మ చెలక పక్కనున్న గుట్టతో కలిసిపోయి 'సర్కారీ' అని పడింది. పాసుబుక్కు రాలేదు. దొర నాటి కాగితాన్ని చెదలు ఎన్నడో తిన్నాయి. ఆమెకు అర్జీలు రాసిచ్చేది నేనే. మూడేళ్లలో పదిహేడు రాశాను. తహసీల్దార్ సుహాసిని మేడం చెడ్డ మనిషేం కాదు.

"నాకేమన్న కక్షనా సార్? ఆమె దున్నుకునుడు నేను గూడ చూస్తున్న. కానీ రికార్డు మార్చాలంటే కాగితం ఉండాలె గదా! గీ సర్వే నంబరు భూమి, గీ కుటుంబానికి, గిందుకు ఇచ్చిండ్రు అని గుండ్రటి సర్కారు ముద్ర ఉన్న ముక్క ఒక్కటి తెండి. తెల్లారేసరికి ఫైలు పంపుత" అంది.

గుండ్రటి సర్కారు ముద్ర! ఇప్పుడర్థమైందా, నేను ఫోన్ ఎత్తినందుకు ఎందుకు చింతించలేదో?

*

ఆగస్టులో ఒక ఉదయం డాక్టర్ గారిని గుట్ట మీదికి తీసుకెళ్లాను. నర్సింగమ్మ మాకంటే ముందే ఎక్కి కూర్చుంది. కొంగులో అద్దం. ఆమె చెప్పిందంతా విని డాక్టర్ గారి కళ్లు చెమర్చాయి. లేచి నిలబడి, కండువా సవరించుకుని, ఫోన్‌లో వీడియో తీయమని నాకు సైగ చేశారు.

"ఇదిగో, ఉపేక్షిత శాస్త్రవేత్త! తెల్లవాడు తన పుస్తకంలో చోటివ్వని మేధావి! జంగయ్య గారు ఈ గుట్ట మీద పట్టింది కేవలం అద్దమా? కాదు! భూగోళపు వంపును పట్టారు! త్రికోణమితి రహస్యాన్ని పట్టారు!"

"లేదు సారూ, అద్దమే పట్టిండు" అంది నర్సింగమ్మ.

ఆ ముక్క తీసేసి మళ్లీ తీశాం.

వీడియో అయ్యాక ఆమె చేతులు జోడించింది. "సారూ, నాకు గివన్నీ తెల్వయి. మా జంగయ్య తాత అద్దం పట్టినందుకు గీ చెలక ఇచ్చిండ్రని ఒక్క కాగితం రాసియ్యుండ్రి. మేడం గదే అడుగుతాంది. పాసుబుక్కు లేకుంటే రేపు ఎవ్వలన్న వచ్చి లే అంటే లేవాల్నట."

డాక్టర్ గారి ముఖం గంభీరమైంది. "అమ్మా, చరిత్రకు ఆధారం కావాలి. మీ దగ్గర పత్రం ఉందా?"

"చెదలు తిన్నయి సారూ."

"మరి దొర రాసిన పుస్తకంలో జంగయ్య గారి పేరు ఉందా?"

నేను ఉండబట్టలేకపోయాను. "సార్, దొరలు తమ పుస్తకాల్లో మనవాళ్ల పేర్లు రాయలేదనే కదా మీ థీసిస్ మొత్తం!"

"థీసిస్ వేరు, సర్టిఫికెట్ వేరు శ్రీశైలం గారూ! నోటిమాట పట్టుకుని సర్టిఫికెట్లు ఇస్తే రేపు మనల్ని ఎవరు గౌరవిస్తారు?" అన్నారు.

ఎవరు గౌరవించాలో ఆయన చెప్పలేదు. ఈలోగా ఆయన గుట్ట అంచుకు వెళ్లి కిందికి చూస్తున్నారు. కింద నర్సింగమ్మ చెలక. మోకాలెత్తు కంది, గాలికి తలలూపుతోంది.

"ఆ ఖాళీ జాగా ఎవరిది?"

"ఖాళీ జాగా గాదు సారూ, కంది" అంది నర్సింగమ్మ.

డాక్టర్ గారు ఫోన్ తీశారు. లండన్ నుంచి తెప్పించుకున్న పాత పటం అందులో ఉంది. దొర గీసిన పటమే! రెండు వేళ్లతో పెద్దది చేసి నాకు చూపించారు. "చూడండి. గుట్టా, గుట్ట కింది నేలా అంతా బంజరు అని ఎంత స్పష్టంగా రాశాడో! ప్రభుత్వ రికార్డులోనూ సర్కారీ అనే ఉందిగా. మన సంఘం కట్టబోయే విమోచన కేంద్రానికి ఇంతకంటే మంచి స్థలం దొరకదు. దసరాకు శంకుస్థాపన!"

"సార్! దొర పటాలన్నీ అబద్ధమనే కదా మనం శాస్త్రాన్ని విముక్తం చేస్తున్నది?"

"కొలతలు అబద్ధం కాదయ్యా. దృక్పథం అబద్ధం" అన్నారు ఓపికగా, పిల్లవాడికి చెప్పినట్టు. "దృక్పథాన్ని మనం ఖండిస్తాం. కొలతలను వాడుకుంటాం."

జంగయ్యకు ఆ కేంద్రం ముందు పన్నెండు మూరల విగ్రహం కూడా పెడతారట. అంటే జంగయ్యను గౌరవించడానికి జంగయ్య భూమి, జంగయ్య ఇంటి కోడలి దగ్గర నుంచి, జంగయ్య పేరు రాయని దొర పటం చూపించి తీసుకుంటారన్నమాట! ఇంత పకడ్బందీగా దొరలకు కూడా తోచలేదు.

గుట్ట దిగుతున్నప్పుడు నర్సింగమ్మ నాకంటే పదడుగులు ముందే నడిచింది. కింద చేను గట్టు దగ్గర ఆగి, "నువ్వు తోలుకొచ్చిన మనిషే గద సారూ" అంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

*

సెప్టెంబరు మొదటి వారంలో డాక్టర్ గారికి లండన్ నుంచి మెయిలొచ్చింది. అక్కడి ఒక పెద్ద మ్యూజియం వాళ్లు రాశారు. 'మరుగునపడిన సహాయకులు' అని ఒక ప్రదర్శన పెడుతున్నారట. మేం నెట్‌లో పెట్టిన మెరుపుల గుట్ట వీడియో చూశారట. ఆ అద్దం పంపితే ప్రదర్శనలో పెడతారట. డాక్టర్ అమరేందర్ గారిని ప్రారంభ ప్రసంగానికి పిలిచే ఆలోచన కూడా ఉందట.

ఆయన ఆ మెయిల్ నాకు చదివి వినిపించారు. నిలబడి చదివారు! జాతీయ గీతానికి కూడా ఆయన అంత నిటారుగా నిలబడగా నేను చూడలేదు.

"కానీ ఒక చిక్కుంది శ్రీశైలం గారూ. వస్తువు పూర్వాపరాలు ధ్రువీకరించే పత్రం కావాలట. ఎవరికిచ్చారు, ఎక్కడిచ్చారు, ఆ పనికి ప్రతిఫలం ఏమిచ్చారు, అప్పటి నుంచి ఎవరి దగ్గరుంది, ఇవన్నీ. సర్కారు సంస్థ సంతకం, ముద్ర ఉండాలి. మూడు రోజుల్లో కావాలి. ఏం చేద్దాం?"

నేను అమాయకంగా ముఖం పెట్టాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నేర్చుకున్న విద్య అదొక్కటే. "ఇవ్వలేం కదా సార్. ఆధారం ఎక్కడుంది? ముసలమ్మ నోటిమాట తప్ప!"

"నోటిమాట అని అంత చులకనగా అంటారేం?" డాక్టర్ గారు భగ్గుమన్నారు. "మౌఖిక సంప్రదాయమయ్యా అది! తరతరాల జ్ఞాపకం! దానికి మించిన ఆధారం భూమ్మీద ఉందా? నా పుస్తకం మూడో అధ్యాయమంతా దాని గురించే! చదవలేదా మీరు?"

"ఇప్పుడే చదివినట్టయింది సార్" అన్నాను.

వెంటనే కారెక్కి నర్సింగమ్మ ఇంటికి వెళ్లాం. ఆమె వాకిట్లో చింతపండు కొడుతోంది. డాక్టర్ గారు పీట మీద కూర్చుని, అమ్మా అమ్మా అంటూ, అద్దం ఎంత దూరం వెళ్లబోతోందో వర్ణించారు. ఆమె లోపలికి వెళ్లి గుడ్డలో చుట్టిన అద్దం తెచ్చింది. ఇత్తడి చట్రం నిగనిగలాడుతోంది. డాక్టర్ గారు భక్తిగా అందుకుని వెనక్కి తిప్పారు. అద్దం వెనక స్టిక్కరుంది. 'గిరి హెయిర్ స్టైల్స్, బస్టాండ్ ఎదురుగా.'

"ఇదేమిటి?"

"ఇత్తడిది దొర ఇచ్చిందే సారూ. అద్దం రెండేండ్ల కింద కోతి ఎత్తేస్తే పలిగింది. గిరి దగ్గర అడుక్కొచ్చి బిగిచ్చిన" అంది దాపరికం లేకుండా.

"ఆ వివరం లండన్‌కు అనవసరం" అని డాక్టర్ గారు అక్కడే కూర్చుని గోటితో స్టిక్కరు గీకడం మొదలుపెట్టారు. వలసవాద వ్యతిరేక పోరాటంలో ఆయన చేత్తో చేసిన పని నేను కళ్లారా చూసింది అదొక్కటే.

ఆయన గీకుతున్నంతసేపు నేను పత్రం రాశాను. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాశాను. ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు. 'సర్వే నంబరు 214లోని రెండెకరాల ఎనిమిది గుంటల భూమి, అద్దం పట్టిన సేవకు ప్రతిఫలంగా జంగయ్యకు ఇవ్వబడినదనియు, నాటి నుండి నేటి వరకు ఆ భూమి, ఈ అద్దం రెండూ అతని వంశీకుల స్వాధీనంలో ఎడతెగక ఉన్నవనియు, ప్రస్తుత వారసురాలు నర్సింగమ్మ అనియు, ప్రభుత్వ ఉత్తర్వుచే ఏర్పడిన ఈ సంఘం విచారించి ధ్రువీకరించుచున్నది.' గాజు గురించి ఒక వాక్యం రాస్తే డాక్టర్ గారు కొట్టేశారు.

"సర్వే నంబరు కూడా కావాలా?" అన్నారు కలం పట్టుకుని.

"లండన్ వాళ్లు సార్. ఎక్కడ అని అడిగితే కచ్చితంగా ఎక్కడో చెప్పాలి. మనవాళ్లలా సర్దుకుపోరు."

"అవునవును. వాళ్లు చాలా కచ్చితం" అన్నారు గర్వంగా, సొంత మేనమామను పొగిడినట్టు. సంతకం పెట్టారు. నేను సంచిలోంచి ముద్ర తీసి ఇంకు పూసి, నొక్కి, ఒక్క క్షణం అలాగే పట్టుకున్నాను. సూర్యుడు చక్కగా ఉదయించాడు!

"ఇంకో రెండు ప్రతుల మీద కూడా సార్."

"మూడెందుకు?"

"ఉత్తర్వులోనే ఉంది కదా సార్, అన్నీ మూడు ప్రతులలో అని. ఒకటి లండన్‌కు. ఒకటి మన ఫైలుకు. ఒకటి వస్తువు ఇచ్చినవారికి."

"ముసలమ్మకు కాగితం దేనికయ్యా?"

"రసీదు సార్. రసీదు లేకుండా అద్దం పట్టుకుపోతే, దోపిడీ అంటారేమో. మీ పుస్తకం రెండో అధ్యాయం..."

దబదబా సంతకాలు పడ్డాయి. మూడో ప్రతి నేను నర్సింగమ్మ చేతిలో పెట్టాను. ఆమె చదవలేదు, చదువు రాదు. కానీ ముద్ర మీద వేలు పెట్టి, గుండ్రంగా ఒక చుట్టు తిప్పి, నా ముఖంలోకి చూసింది. నేను కళ్లతోనే ఔనన్నాను. ఆగస్టు నుంచి నా మీదున్న కోపం ఆ క్షణంలో పోయినట్టుంది. "ఛాయ్ తాగి పోండ్రి" అంది ఇద్దరినీ.

*

సుహాసిని మేడం కాగితాన్ని రెండుసార్లు చదివింది. ముద్రను వెలుతురుకు పట్టి చూసింది.

"గీ రాత మీదే గదా సార్?" అంది నవ్వు ఆపుకుంటూ.

"రాత నాది. సంతకం చైర్మన్‌ది. ముద్ర ప్రభుత్వ ఉత్తర్వుది."

"విచారించి ధ్రువీకరించిండ్రు గూడ! బాగుంది. ఇగ నాకేం అడ్డం లేదు" అని ఫైలు తెప్పించింది. ఊరికి మనిషిని పంపి పంచనామా చేయించింది, చుట్టుపక్కల రైతుల సంతకాలు తీసుకుంది, పైకి రాసింది. దసరా నాలుగు రోజులుందనగా నర్సింగమ్మ పేరు మీద పాసుబుక్కు వచ్చింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

దసరా ముందు రోజు డాక్టర్ గారు దిగారు. వెనక ట్రాలీ ఆటోలో శిలాఫలకం. నల్లరాయి మీద బంగారు అక్షరాలతో 'జంగయ్య స్మారక వలస విజ్ఞాన విమోచన కేంద్రం' అని, కింద అంతకంటే పెద్ద అక్షరాలతో డాక్టర్ గారి పేరు. చెలక గట్టు మీద మేడం, నేను, నర్సింగమ్మ నిలబడి ఉన్నాం.

"ఇక్కడ కుదరదు సార్. పట్టా భూమి" అంది మేడం.

"పట్టానా? ఎవరిచ్చారు? ఏ ఆధారంతో?"

మేడం కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. డాక్టర్ గారు చదివారు. తన సంతకం తనే గుర్తుపట్టారు. నారాయణపేట కండువా భుజం మీద నుంచి జారింది. అంతకాలం పుస్తకంలా మాట్లాడిన మనిషి నోట ఒక్కసారిగా హాలియా ఊడిపడింది.

"ఏందయ్యా శ్రీశైలం! గిట్ల జేస్తివేంది! నా సంతకంతోనే నన్ను ముంచుతవా?"

"కంగారేం లేదు సార్" అన్నాను. "చాలా తేలిక. ఈ ధ్రువపత్రం తప్పు, నోటిమాట నమ్మి పొరపాటున ఇచ్చాం అని మీరు ఒక్క లైను రాసివ్వండి. మేడం పట్టా రద్దుకు రాస్తారు. స్థలం మళ్లీ సర్కారుదవుతుంది. మీ రాయి ఇక్కడే పాతుకోవచ్చు."

"ఆఁ, అంతే కదా! ఏదీ, కాగితం..."

"కాకపోతే ఇది మూడు ప్రతుల పత్రం సార్. రద్దు చేస్తే మూడూ చేయాలి. లండన్‌కు కూడా రాయాలి."

డాక్టర్ గారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన ట్రాలీలో ఉన్న రాయి వైపు చూశారు. చేతిలో ఫోన్ వైపు చూశారు. మళ్లీ రాయి. మళ్లీ ఫోన్. పూతకొచ్చిన కంది మీద తేనెటీగలు తిరుగుతున్నాయి. నర్సింగమ్మ పాసుబుక్కును రొమ్ముకు అదుముకుంది. ఇటు స్వదేశీ విజ్ఞాన విమోచన, అటు లండన్ మ్యూజియం! ఎటు మొగ్గుతారోనని నేను కూడా కాసేపు నిజంగానే భయపడ్డాను.

"కేంద్రానికి వేరే జాగా చూద్దాం లే" అన్నారాయన చివరికి.

రాయి అదే ట్రాలీలో వెనక్కి పోయింది.

*

మధ్యలో ఒక మాట చెప్పడం మరిచాను. అద్దం, పత్రం అందాయని మ్యూజియం నుంచి మెయిలొచ్చింది. కృతజ్ఞతలట. ప్రదర్శన మాత్రం కొన్ని కారణాల వల్ల వాయిదా పడిందట. 'మీ ప్రసంగం తేదీ తర్వాత తెలియజేస్తాం. మేము తెలియజేసేవరకు దయచేసి అందుబాటులో ఉండండి' అని రాశారు. ఆ రోజు నుంచి డాక్టర్ గారు అందుబాటులోనే ఉంటున్నారు. రోజుకొక మెయిల్ పెడుతున్నారు. జవాబు లేదు.

దసరా మర్నాడు మధ్యాహ్నం నేను చెలక దగ్గరికి వెళ్లాను. ఉత్తర్వు ప్రకారం గడువు ముగిసింది. శాస్త్రాన్ని విముక్తం చేసినట్టు మూడు ప్రతులలో నివేదిక రాసి సంచిలో పెట్టుకున్నాను. దానికి గుట్ట మీద ఫొటో ఒకటి జతచేయాలని డాక్టర్ గారు నాకంటే ముందే వచ్చి పైకెక్కారట.

నర్సింగమ్మ కంది చేలో కలుపు తీస్తోంది. గట్టు మీద గిన్నెలో అన్నం, అప్పటికే సగం తిన్నది. నాకు ఆశ్చర్యమేసింది. "ఏందవ్వా, ఈ ఏడు ఒక్క పొద్దు లేవా? గుట్ట ఎక్కవా?"

"ఇగెందుకు సారూ? అద్దం వాళ్లదే, వాళ్ల దేశానికే చేరె. కాగితం కావాల్నని వాళ్లే అడిగిరి. మా జంగయ్య తాతకు జవాబొచ్చినట్టే గదా! డ్యూటీ అయిపోయింది" అంది తేలిగ్గా. అరవై ఏళ్లు చిన్నదైనట్టు నవ్వింది.

అంతలో ఆమె నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని గుట్ట మీదికి చూసింది. నేనూ చూశాను. పొద్దు పడమటికి తిరిగింది. గుట్ట కొసన, జంగయ్య నిలబడిన బండ మీదే డాక్టర్ అమరేందర్ గారు నిలబడి ఉన్నారు. సిగ్నల్ కోసం ఫోన్ చేత్తో పైకెత్తి పట్టుకుని, పాలమూరు దిక్కుకు కాసేపు, ఇటు కాసేపు తిప్పుతున్నారు. తిప్పినప్పుడల్లా ఫోన్ అద్దం మీద ఎండ పడి తళుక్కుమంటోంది.

"గా సారు ఏం జేస్తుండు?" అంది నర్సింగమ్మ.

"లండన్ నుంచి జవాబు కోసం చూస్తున్నాడవ్వా. వాళ్లు చెప్పేదాకా ఉండమన్నారట."

నర్సింగమ్మ చాలాసేపు ఆ మెరుపు వైపే చూసింది. ఆమె ముఖంలో ఎగతాళి లేదు. నిజంగా జాలే ఉంది.

"పాపం" అంది. "ఆయనకెన్ని ఎకరాలిచ్చిండ్రు సారూ?"